తుఫానుకు కూలిన దుంగ దూదిలా ఎందుకు మారింది? తెల్ల కుళ్ళు గురించి ఒక పుట్టగొడుగుల పెంపకందారు సమాధానం

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవారికి ఉపయోగపడుతుంది. సోంపేట దగ్గర మీ తోటలో 2018 అక్టోబరు తిత్లీ తుఫానుకు కూలిన జీడిమామిడి దుంగలు కొన్ని ఇంకా దొడ్డి వెనుక ఉన్నాయి. అవి లోపల తెల్లబడి, వేలితో నొక్కితే దిగిపోతున్నాయి. మీద విసనకర్రల్లాంటి పుట్టగొడుగులు వస్తున్నాయి. అక్కడే పడి ఉన్న పాత పెంకుటింటి వాసం మాత్రం తెల్లబడకుండా ఎర్రగా మారి, చదరపు ముక్కలుగా పగిలింది. పళ్లు, పొట్ట లేని పుట్టగొడుగు అంత గట్టి చెక్కను ఎలా తింటుంది, ఆ తెల్ల చెక్కను ఆవుకు పెట్టవచ్చా, పక్కనున్న కొబ్బరి చెట్లకు ఇది అంటుకుంటుందా అని అడిగారు.

సూటిగా చెబుతాను. మీ దుంగకు పట్టింది తెల్ల కుళ్ళు. చెక్కకు గట్టిదనం, గోధుమ రంగు ఇచ్చే లిగ్నిన్ అనే పదార్థాన్ని ఈ కుళ్ళు తెచ్చే శిలీంధ్రాలు, అంటే పుట్టగొడుగు, బూజు జాతి జీవులు, విరగ్గొడతాయి. రంగు పోయి, తెల్లటి పీచు మిగులుతుంది. వాసానికి పట్టింది గోధుమ కుళ్ళు. అది పీచును తినేసి లిగ్నిన్‌ను వదిలేస్తుంది. దుంగను ఆవుకు పెట్టకండి. కొబ్బరి విషయంలో మాత్రం ఒక్క శిలీంధ్రం గురించి జాగ్రత్తపడాలి. దాని గురించి చివర్లో వివరంగా రాస్తాను, ఆ భాగం తప్పకుండా చదవండి.

విజయనగరం దగ్గర ఇరవై ఏళ్లకు పైగా ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పెంచుతున్నాను, వాటి విత్తనం కూడా తయారు చేస్తాను. ముత్యపుచిప్ప కూడా తెల్ల కుళ్ళు శిలీంధ్రమే. మీ దొడ్డిలో దానంతట అదే జరిగినది నా షెడ్డులో సంచుల్లో జరుగుతుంది. అందుకే మీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది.

మొదట చెక్క ఎలా కట్టి ఉందో చూద్దాం. మట్టి గోడ పెట్టేటప్పుడు గడ్డి ముక్కలు కలిపి తొక్కుతారు కదా. గడ్డి లాగుడును తట్టుకుంటుంది, మట్టి బరువును తట్టుకుంటుంది. చెక్కలో గడ్డి స్థానం సెల్యులోజ్‌ది, మట్టి స్థానం లిగ్నిన్‌ది. రెండింటినీ కలిపి పట్టుకునే జిగురులాంటిది హెమిసెల్యులోజ్. ఎండిన చెక్కలో దాదాపు 40 నుంచి 50 శాతం సెల్యులోజ్ ఉంటుంది. మిగిలిన రెండూ చెట్టు జాతిని బట్టి ఒక్కొక్కటి 20 నుంచి 30 శాతం దాకా ఉంటాయి.

సెల్యులోజ్ అంటే గ్లూకోజ్ గింజలు గుచ్చిన దండ. ప్రతి ముడీ ఒకే రకం. కాబట్టి ఒకే రకం కత్తెర, అంటే ఒకే రకం ఎంజైము, దండ పొడవునా కత్తిరించుకుంటూ పోగలదు. లిగ్నిన్ అలాంటిది కాదు. వలయాకారపు అణువులు అడ్డదిడ్డంగా, అనేక రకాల బంధాలతో అల్లుకుని ఉంటాయి. ఒక బంధం పక్కన ఏ బంధం ఉంటుందో చెప్పలేం. ఒక కొలతకు చేసిన కత్తెర అక్కడ పనికిరాదు. పైగా ఆ అల్లిక సెల్యులోజ్ దండలను చుట్టేసి ఉంటుంది. చక్కెర అంతా లోపల ఉన్నా మామూలు సూక్ష్మజీవులు దాని దగ్గరకు చేరలేవు. నేలకొరిగిన దుంగ ఏళ్ల తరబడి దుంగగానే ఉండటానికి కారణం ఇదే.

తెల్ల కుళ్ళు శిలీంధ్రం లిగ్నిన్‌ను కత్తిరించదు, కాలుస్తుంది. మంట లేకుండా, మామూలు వేడిలో, నీళ్లలో జరిగే కాల్పు అది. శాస్త్రవేత్తలు దీనికి ఎంజైముల దహనం అని పేరు పెట్టారు. శిలీంధ్రపు సన్నటి దారాలు చెక్క కణాల బోలులోకి పాకి, తమ బయటకు ఎంజైములను వదులుతాయి. వాటితోపాటు హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కూడా కొద్దికొద్దిగా తయారు చేసుకుంటాయి. గాయం మీద పోస్తే బుసబుస నురగ వచ్చే మందు అదే. దాని బలంతో పెరాక్సిడేజ్ అనే ఎంజైము లిగ్నిన్ వలయం నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాగేస్తుంది. ఎలక్ట్రాన్ పోయిన అణువు నిలవలేక తనంతట తానే విడిపోతుంది. ఎక్కడ విడిపోతుందో ఎంజైము నిర్ణయించనక్కర్లేదు. బంధం ఏ రకమైనా పని జరిగిపోయేది అందుకే.

లిగ్నిన్ పెరాక్సిడేజ్ అనే ఈ ఎంజైమును 1983లో అమెరికాలో రెండు బృందాలు విడివిడిగా కనుగొన్నాయి. ఫానెరోకీటె క్రిసోస్పోరియం అనే తెల్ల కుళ్ళు శిలీంధ్రంలో అది దొరికింది. ఈ శిలీంధ్రం మన ఎండాకాలంలాంటి 40 డిగ్రీల వేడిలో కూడా హాయిగా పెరుగుతుంది. 2004లో దీని జన్యుపటం మొత్తం వెలువడింది. ఈ తరగతి శిలీంధ్రాల్లో అదే మొదటిది.

నాకు ఎప్పటికీ ఆశ్చర్యంగా అనిపించే సంగతి ఇంకొకటి ఉంది. తాజా చెక్క గోడలోని రంధ్రాలు ఎంత చిన్నవంటే, ఈ ఎంజైము అణువులు వాటిలో దూరలేవు. మరి పని ఎలా మొదలవుతుంది? మాంగనీస్ పెరాక్సిడేజ్ అనే మరో ఎంజైము చెక్కలో ఉండే మాంగనీస్ నుంచి ఒక ఎలక్ట్రాన్ తీసి, దాన్ని ఆకలిగొన్న స్థితిలో వదులుతుంది. శిలీంధ్రం స్రవించే ఆక్సాలిక్ ఆమ్లం ఆ మాంగనీస్‌ను పట్టుకుని గోడ లోపలికి తీసుకుపోతుంది. ఎంజైము గుమ్మం దగ్గరే ఉంటుంది, దాని తరఫున మాంగనీస్ లోపలికి వెళ్లి పని చేసుకొస్తుంది. ముత్యపుచిప్పలో ఈ మాంగనీస్ దారితోపాటు రాగిని వాడుకునే లాకేజ్ అనే ఎంజైము కూడా గట్టిగా పనిచేస్తుంది. అన్ని తెల్ల కుళ్ళు శిలీంధ్రాల దగ్గరా ఒకే పనిముట్లు ఉండవు. ఒకదాని గురించి చదివి అన్నింటికీ అన్వయించకండి.

ఇంత శ్రమపడి లిగ్నిన్‌ను విరగ్గొట్టినా దాని నుంచి శిలీంధ్రానికి బతికేంత బలం రాదు. దానికి కావలసింది లోపలున్న సెల్యులోజ్, హెమిసెల్యులోజ్‌ల చక్కెర. జీడిపప్పు కోసం మన పలాసలో పిక్కను కాల్చి పెంకు పగలగొడతారు. పెంకును ఎవరూ తినరు. లిగ్నిన్ ఆ పెంకు.

మీరు చెప్పిన దుంగను ఒకసారి కత్తితో పొడవునా చీల్చి చూడండి. బెరడు కింద తెల్లటి పల్చని పొర, విసనకర్రలా విచ్చుకున్న దారాలు కనిపిస్తాయి. వాటి కింద చెక్క పాలిపోయి, తడిగా, పీచులు పీచులుగా ఊడివస్తుంది. చాలా దుంగల్లో నల్లటి సన్నని గీతలు కూడా ఉంటాయి, పెన్సిలుతో పటం గీసినట్టు. అవి సరిహద్దులు. ఒకే దుంగలో రెండు శిలీంధ్రాలు ఎదురుపడితే తమ వాటాను కాపాడుకోవడానికి నల్లటి గోడ కట్టుకుంటాయి. వాసన చూస్తే కుళ్ళు కంపు ఉండదు. తొలకరి తర్వాత తోటలో వచ్చే మట్టి వాసన, పుట్టగొడుగు వాసన ఉంటుంది. కంపు కొడుతుంటే అక్కడ గాలి ఆడక బాక్టీరియా చేరిందని అర్థం.

ఒకసారి నేనే తూకం వేసి చూశాను. ఎండిన మామిడి చెక్క నుంచి అగ్గిపెట్టె అంత ముక్కలు కోయించి, తూచి, ఉడకబెట్టి, ముత్యపుచిప్ప దారాలు నిండిన సంచుల్లో పెట్టాను. నాలుగు నెలల తర్వాత కడిగి, పూర్తిగా ఎండబెట్టి తూస్తే మూడో వంతుకు దగ్గరగా బరువు తగ్గింది. ఆకారం మాత్రం చెక్కు చెదరలేదు. అంచులు కూడా అలాగే ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటేనే తేడా తెలిసింది, బెండు ముక్క పట్టుకున్నట్టు ఉంది. పోయిన బరువులో ఎక్కువ భాగం బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలిసిపోయింది. కాల్పు అన్నది అందుకే.

ఇక మీ వాసం సంగతి. గోధుమ కుళ్ళు శిలీంధ్రాల పూర్వీకులు ఒకప్పుడు తెల్ల కుళ్ళు శిలీంధ్రాలే. కాలక్రమంలో ఆ ఖరీదైన పెరాక్సిడేజ్‌లను వదిలేసి వేరే దారి పట్టాయి. చెక్కలోని ఇనుమును, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కలిపి అతి చురుకైన కణాలను పుట్టిస్తాయి. అవి గోడలోకి దూరి సెల్యులోజ్ దండలను తెంపేస్తాయి. లిగ్నిన్ కొంత మారినా చాలావరకు అక్కడే మిగులుతుంది. గడ్డి తీసేసిన మట్టి గోడ ఎలా ఉంటుందో ఊహించండి. ఎండగానే బీటలు వారి, అడ్డంగా నిలువుగా పగిలి ముక్కలవుతుంది. పైకి బాగానే కనిపిస్తూ లోపల బలం పోతుంది కాబట్టి ఇంటి కప్పుకు తెల్ల కుళ్ళు కంటే ఇది ప్రమాదకరం. అదే ఇంట్లో మిగిలిన వాసాలను గుణపం మొనతో పొడిచి చూడమని నా సలహా.

ఈ పనంతటికీ గాలి కావాలి. దీనికి సాక్ష్యం మన జిల్లాల్లోనే ఉంది. గోగు కోశాక కట్టలు కట్టి చెరువులో ఊరవేస్తాం. రెండు మూడు వారాల్లో నార ఊడివస్తుంది. అక్కడ పనిచేసేది బాక్టీరియా. నారను కర్రకు అంటించి ఉంచే పెక్టిన్ అనే జిగురును అది తినేస్తుంది. లోపలి గోగు కర్ర మాత్రం గట్టిగానే బయటపడుతుంది, ఎండబెట్టి దడి కట్టుకుంటాం. నీటి అడుగున ఆక్సిజన్ ఉండదు కాబట్టి లిగ్నిన్ జోలికి ఎవరూ పోలేదు. అదే కర్రను వానాకాలంలో తడి నేల మీద వదిలేస్తే మరుసటి ఏడాదికి చేతిలో నలిగిపోతుంది. పూర్తిగా నీట మునిగిన కర్ర నిలుస్తుంది, పూర్తిగా ఎండిన కర్ర నిలుస్తుంది. తడి, గాలి రెండూ ఉన్నచోట కుళ్ళుతుంది. కంచె గుంజ ఎప్పుడూ నేల మట్టం దగ్గరే విరగడానికి కారణం ఇదే. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే శిలీంధ్రం పెరగలేదు. సుమారు 30 శాతం దాటితే దానికి పండగే.

ఎరువు గురించి కూడా ఒక మాట. చాలామంది కొత్త పెంపకందారులు గడ్డిలో కొంచెం యూరియా వేస్తే పుట్టగొడుగు బాగా పెరుగుతుందని అనుకుంటారు. నేనూ మొదటి ఏడాది రంపపు పొట్టులో యూరియా కలిపి నలభై సంచులు నింపాను. పది రోజుల్లో అన్నీ పచ్చ బూజు పట్టాయి, ఒక్కటీ మిగలలేదు. చెక్కలో నత్రజని చాలా తక్కువ. ఆ కరువులో బతకడం తెల్ల కుళ్ళు శిలీంధ్రాలకు అలవాటు, పచ్చ బూజుకు కాదు. మనం నత్రజని వేస్తే మన పంటకు పోటీదారును మనమే పిలిచినట్టు. ఫానెరోకీటెలో అయితే నత్రజని అయిపోయాకే లిగ్నిన్‌ను విరగ్గొట్టే పని మొదలవుతుంది. ముత్యపుచిప్పలో ఆ కట్టుబాటు అంత గట్టిగా ఉండదు, అయినా యూరియా వద్దు.

అన్ని చెట్లూ ఒకేలా లొంగవు. మన పెద్దలు చేవ ఉన్న కర్ర, చేవ లేని కర్ర అని వేరు చేసేవారు. అది రసాయన శాస్త్రమే. చెట్టు వయసు పెరిగేకొద్దీ నడిమి భాగంలో శిలీంధ్రాలకు గిట్టని పదార్థాలను నింపుకుంటుంది. పనస చేవకు ఉండే ఆ పసుపు రంగు అలాంటి పదార్థాలదే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవారు పనసనే ఎంచుకుంటారు. ఒకే దుంగను తొలిచి ఏకాండి వీణ తీస్తారు. ఏళ్ల తరబడి పాడవకుండా నిలిచే కర్ర కాబట్టే అంత పని దానికి దక్కుతుంది. చెట్టు అంచున ఉండే తెల్ల చెక్కకు ఆ రక్షణ లేదు. జీడిమామిడి కర్ర మొత్తంగానే మెత్తన, చేవ తక్కువ. మీ దుంగలు తొందరగా లొంగిపోవడంలో వింత లేదు.

పుట్టగొడుగు అన్న మన మాటలోనే ఇంకో కథ ఉంది. తొలకరికి పుట్టల మీద లేచే గొడుగులు చూసే ఉంటారు. కొన్ని జాతుల చెదలు పుల్లలు, ఎండుటాకులు నమిలి పుట్ట లోపల తేనెపట్టులాంటి గూడుగా పేర్చి, దాని మీద ఒక శిలీంధ్రాన్ని పెంచుతాయి. తమంతట తాము అరిగించుకోలేని దాన్ని దానితో మెత్తబరిపించి తింటాయి. నా షెడ్డులో జరిగే వ్యవసాయాన్ని అవి కోట్ల ఏళ్లకు ముందే మొదలుపెట్టాయి.

ఆవుకు పెట్టవచ్చా? మీ ఆలోచన తప్పు కాదు. లిగ్నిన్ పోతే పశువు పొట్టలోని సూక్ష్మజీవులకు సెల్యులోజ్ అందుతుంది. దక్షిణ చిలీ అడవుల్లో ఒక రకం తెల్ల కుళ్ళు పట్టిన దుంగలను పశువులు నిజంగానే తింటాయి. అక్కడివారు దాన్ని పాలో పోద్రిదో అంటారు, కుళ్ళిన కర్ర అని అర్థం. కానీ అక్కడి శిలీంధ్రం లిగ్నిన్‌ను ఏరి తీసి సెల్యులోజ్‌ను చాలావరకు మిగులుస్తుంది. అన్నీ అలా చేయవు. చాలా శిలీంధ్రాలు రెండింటినీ సమానంగా లాగించేస్తాయి, మిగిలేది తేలికైన డొల్ల. మీ దుంగలో ఏది ఉందో, దాని మీద ఇంకే బూజులు చేరాయో మనకు తెలియదు. బూజు పట్టిన వరిగడ్డి మేసి గేదెలకు తోక, చెవుల కొనలు ఎండిపోవడం, గిట్టలు పుండ్లు పడటం పశువుల డాక్టర్లకు బాగా తెలిసిన జబ్బు. ఆ ప్రమాదం తెచ్చుకోవద్దు.

ముత్యపుచిప్ప కాపు అయిపోయిన శుభ్రమైన వరిగడ్డి సంగతి వేరు. పచ్చ, నలుపు మచ్చలున్న సంచులను పూర్తిగా పక్కనపెట్టి, మిగిలినది ఎండబెట్టి మామూలు మేతలో కొద్దిగా కలిపి నేను నా పశువులకు పెడతాను. అదీ ముందుగా పశువుల డాక్టరుకు చూపించాకే మొదలుపెట్టాను. వరిగడ్డిలోని ఇసుకలాంటి సిలికాను ఏ శిలీంధ్రమూ తీయలేదు, కాబట్టి అది పచ్చిమేతకు సాటి రాదు. ఇక దుంగల మీద లేచే పుట్టగొడుగులను, ముత్యపుచిప్పలా కనిపించినా సరే, కోసి వండుకోకండి.

కొబ్బరి చెట్ల మాట. చచ్చిన దుంగ మీద బతికే చాలా శిలీంధ్రాలు ఆరోగ్యంగా ఉన్న చెట్టును ఏమీ చేయవు. గానోడెర్మా మాత్రం వేరు. అదీ తెల్ల కుళ్ళు జాతే, కానీ బతికున్న కొబ్బరి వేళ్లలోంచి ఎక్కి మొదలును లోపలి నుంచి తినేస్తుంది. ఉద్దానం లాంటి ఇసుక నేలల్లో, వేసవిలో నీరు అందని తోటల్లో దీని బెడద ఎక్కువ. కింది మట్టలు వాడి మానుకు వేలాడతాయి. మొదలు దగ్గర బెరడు పగిలి ఎర్రటి గోధుమ రంగు బంక కారుతుంది. వానల్లో చెట్టు మొదలు దగ్గర గట్టి గొడుగు లేస్తుంది. పైభాగం వార్నిష్ వేసినట్టు మెరిసే గోధుమ రంగులో, అంచు తెల్లగా ఉంటుంది. గొడుగు కనిపించేసరికి చెట్టు లోపల చాలా పోయి ఉంటుంది. బంక కారుతున్నప్పుడే గుర్తించాలి.

మందస వైపు ఒక రైతు తుఫానుకు విరిగిన కొబ్బరి మొదళ్లను పీకించకుండా పక్కనే కొత్త మొక్కలు పెట్టారు. ఆ మొదళ్లలో కొన్నింటికి అప్పటికే గానోడెర్మా ఉంది. నేను చూసేసరికి మొదళ్ల పక్క చెట్లకు బంక మొదలైంది. కంటికి చచ్చిన మొద్దు కనిపిస్తుంది, వేళ్లలో శిలీంధ్రం ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. కాబట్టి తెగులుతో పోయిన చెట్టును వేళ్లతో సహా తవ్వి తీసి కాల్చేయండి. తెగులు ఉన్న చెట్టు చుట్టూ కందకం తీసి వేరు చేయండి. దాని పాదులో నీరు మంచి చెట్ల పాదుల్లోకి పారనివ్వకండి. చెట్టుకు ఏడాదికి ఐదు కిలోల వేపపిండిని ట్రైకోడెర్మా కలిపి పాదులో వేయండి. ట్రైకోడెర్మా అంటే నా షెడ్డుకు శత్రువైన ఆ పచ్చ బూజు జాతే. కొబ్బరి పాదులో మాత్రం గానోడెర్మాను అణిచే మిత్రుడు. వేరు ద్వారా మందు ఎక్కించే పద్ధతి కూడా ఉంది. దాని మోతాదు నా మాట మీద కాక, అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వారినో, మీ మండల ఉద్యాన అధికారినో అడిగి తీసుకోండి.

మీ జీడి దుంగల విషయానికొస్తే, మెరిసే గోధుమ రంగు గొడుగులు ఉన్నవాటిని విడదీసి కాల్చేయండి. జీడి, సరుగుడు మొద్దుల మీద కూడా గానోడెర్మా జాతులు రావచ్చు. మిగిలినవాటిని కొబ్బరికి దూరంగా, నీడలో ముక్కలు కొట్టి పేడతో కలిపి కుప్ప వేయండి. వాటిలో నత్రజని తక్కువ కాబట్టి పేడ లేకుండా నేరుగా పాదుల్లో వేస్తే మొక్కకు అందాల్సిన నత్రజనిని కొన్నాళ్లు లాగేసుకుంటాయి. బాగా తెల్లబడిన చెక్క నీటిని స్పాంజిలా పట్టి ఉంచుతుంది. కూరగాయల మడికి ఏడాది తర్వాత మంచి ఎరువవుతుంది.

మీరు పెట్టిన ఫోటోలో గొడుగుల పైభాగం మాత్రమే కనిపిస్తోంది. కింది భాగంలో రేకులున్నాయా, సూది మొనల్లాంటి రంధ్రాలున్నాయా అన్నది చూస్తే జాతి గురించి ఇంకొంత చెప్పగలను. ఒకదాన్ని తిప్పి, పగటి వెలుగులో దగ్గరగా తీసి పెట్టండి. కొబ్బరి మొదళ్లు కూడా ఒకసారి చుట్టూ తిరిగి చూసి, ఎక్కడైనా బంక కనిపిస్తే ఆ ఫోటో కూడా పెట్టండి.